డిగ్రీలోనే పరిశోధన: రసాయనశాస్త్ర విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. డిగ్రీ చదువుతుండగానే రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే వీలుందా, ఉంటే దాన్ని ఎలా అందుకోవాలి అని. డిగ్రీ కళాశాలలో 30 ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాడిని కనుక ఇవి నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్నలు. మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: నేను కావలిలో రసాయనశాస్త్రం మేజర్‌గా బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కళాశాలలో ప్రాక్టికల్స్ తప్ప పరిశోధన అన్న మాట వినపడదు. విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర విభాగాల్లో డిగ్రీ విద్యార్థులను తీసుకుంటారా? ఎవరిని, ఎలా అడగాలి? ఇంగ్లిషులో ఉత్తరం రాయాలంటే భయంగా ఉంది.
— ఒక విద్యార్థిని, కావలి

జవాబు: తీసుకుంటారమ్మా. అందుకు రెండు దారులున్నాయి. ఒకటి ప్రకటన చూసి దరఖాస్తు చేయడం, రెండోది ప్రొఫెసరుకు నేరుగా రాయడం.

ప్రకటనల్లో పేరున్నది మూడు విజ్ఞానశాస్త్ర అకాడమీలు కలిసి ఏటా నిర్వహించే వేసవి పరిశోధన ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీన్ని నడుపుతాయి. ఎంపికైన విద్యార్థి దాదాపు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర ఉండి పని నేర్చుకుంటాడు. భృతి కూడా ఇస్తారు. బెంగళూరులోనే ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రం కూడా వేసవి ఫెలోషిప్ ఇస్తుంది. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 2004 నుంచి డిగ్రీ విద్యార్థుల కోసమే ఒక జాతీయ కార్యక్రమాన్ని నడుపుతోంది, అందులో రసాయనశాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. మనకు దగ్గరలో చూస్తే, 2015లో మొదలైన తిరుపతి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), తిరుపతి ఐఐటీ రెండూ ఏర్పేడు వైపే ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో రాష్ట్ర బోర్డు స్థాయిలో పైన ఒక శాతంలో నిలిచి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ ఉపకారవేతనం పొందిన వారికైతే ఏడాదికి వచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి పరిశోధన ప్రాజెక్టు కోసమే కేటాయించి ఉంటాయి. ఆ 20,000 ఎందుకిస్తున్నారో తెలియక, ఎవరి చేతో ఒక సంతకం చేయించుకుని కాగితం పంపేసే పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అకాడమీల ఫెలోషిప్‌కు దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లో తీసుకుంటారు. మన విద్యార్థులు ఎండలు ముదిరాక మార్చిలో వెతకడం మొదలుపెడతారు, అప్పటికి ఎంపికలే అయిపోతాయి. సెప్టెంబరు మొదటి వారం నుంచి వారానికి ఒకసారి ఆయా సంస్థల వెబ్‌సైట్లు చూసుకోండి. ఏ సంవత్సరం చదువుతున్నవారు అర్హులు, ఎంత శాతం మార్కులుండాలి అన్నది ప్రకటనలో చదివి నిర్ధారించుకోండి. సిఫారసు లేఖ ఇచ్చే అధ్యాపకులకు గడువుకు మూడు వారాల ముందే చెప్పండి. గడువు రేపనగా వచ్చి అడిగితే ఏ మేడమైనా, ఏ సారైనా రెండు వాక్యాలు రాసి ఇస్తారు. ఆ రెండు వాక్యాల లేఖ మీకు ఏ మేలూ చేయదు.

రెండో దారికి వస్తే, ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. ఒకే ఉత్తరాన్ని నలభై మంది ప్రొఫెసర్లకు పంపుతారు, కొన్నిసార్లు నలభై చిరునామాలూ పైనే కనిపించేలా పంపుతారు. "మీ గొప్ప పరిశోధన నన్ను ఆకర్షించింది" అన్న వాక్యం అందరికీ పనికొచ్చేదే కనుక, చదివే ఏ ఒక్కరికీ అది తమకోసం రాసిందని అనిపించదు. ఇలా చేసి చూడండి. కాకుటూరులోని మీ విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కావచ్చు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కావచ్చు, రసాయనశాస్త్ర విభాగం పేజీ తెరిచి ఒక్కో అధ్యాపకుడు ఏ విషయం మీద పనిచేస్తున్నారో చదవండి. మీకు కాస్తయినా అర్థమైన పని చేస్తున్నవారిని ముగ్గురిని ఎంచుకుని, వారి వ్యాసం ఒకటి చదవండి. మొత్తం అర్థం కానక్కర్లేదు. ఉపోద్ఘాతమూ, ఒక పటమూ అర్థమైతే చాలు.

ఉత్తరం పన్నెండు వాక్యాలకు మించనక్కర్లేదు. మొదట మీరెవరు, ఎక్కడ చదువుతున్నారు. తరువాత వారి ఏ వ్యాసం చదివారు, అందులో ఏది అర్థమైంది, ఏది అర్థం కాలేదు. ఆ తరువాత మీ చేతులతో మీరు ఏ పని చేయగలరు: ప్రామాణిక ద్రావణం తయారు చేయగలరా, మీ టైట్రేషన్ విలువలు మూడుసార్లూ 0.1 మిల్లీలీటరు తేడాలో వస్తాయా, లవణ విశ్లేషణలో ఎంత నమ్మకం ఉంది. చివర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు, వసతి మీరే చూసుకోగలరా అన్నది. ఇంగ్లిషు గురించి దిగులు వద్దు. కర్త, కర్మ, క్రియ ఉన్న చిన్న వాక్యాలు రాయండి. అరువు తెచ్చుకున్న పెద్ద మాటలకన్నా "ఈ పటంలో రెండో శిఖరం ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు" అన్న ఒక్క నిజమైన వాక్యం ప్రొఫెసరును ఆపుతుంది. పది రోజులు జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ రాకపోతే మరొకరికి రాయండి. అందులో అవమానమేమీ లేదు, వారికి రోజూ అలాంటివి చాలా వస్తాయి.

చేరిన తరువాత ఏం చేయిస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలామంది నిరుత్సాహపడతారు. సేంద్రియ రసాయన ప్రయోగశాలలో మొదటి పది రోజులు గాజు సామాను కడగడం, ద్రావణులు స్వేదనం చేయడం, టీఎల్‌సీ పలకలు పెట్టడం తప్ప మరో పని ఉండకపోవచ్చు. ఈ టీఎల్‌సీ, అంటే పలుచని పొర క్రోమటోగ్రఫీ, మిశ్రమంలోని పదార్థాలను పలక మీద విడదీసి చూపే పద్ధతి; చూడటానికి చిన్న పని. సన్నని గాజు కేశనాళికతో చర్య మిశ్రమాన్ని ఒక చుక్క తీసి, పలక అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన గీసిన పెన్సిల్ గీత మీద తాకించాలి. తరువాత పలక అడుగును పాత్రలోని కొద్దిపాటి ద్రావణిలో నిలబెడితే ద్రావణి పలక మీద పైకి పాకుతుంది. గీత పెన్నుతో గీస్తే సిరా కూడా ద్రావణితోపాటు పైకి పాకుతుంది. చుక్క పెద్దదైతే తోక వస్తుంది. ద్రావణి మట్టం చుక్క కంటే ఎత్తుగా ఉంటే పదార్థమంతా కిందికే కరిగిపోతుంది. పలక ఆరాక అతినీలలోహిత దీపం కింద పెడితే, పొద్దున ఉన్న చుక్క తరిగి కొత్త చుక్క ఒకటి వేరే ఎత్తులో కనిపిస్తుంది; ఫ్లాస్కులో జరుగుతున్నది కంటికి కనబడటం అదే మొదటిసారి. ఈ పనిని వందసార్లు శుభ్రంగా చేసినవారికే తరువాత చర్యను అప్పగిస్తారు.

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తయింది, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. సీనియర్లు పాత రిపోర్టు ఇచ్చి పేర్లు మార్చి రాసేయమంటున్నారు. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని పెద్దలు అంటారు. దాని మీద పనిచేస్తే అది పరిశోధన అవుతుందా? మా కళాశాలలో బ్యూరెట్లు, పీహెచ్ మీటరు తప్ప పరికరాలు లేవు.
— ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. పాత రిపోర్టును పక్కన పెట్టండి. ఈ ప్రాజెక్టుకు కేటాయించిన 180 గంటలు నిజంగా వాడుకుంటే, మీ చేతికి వచ్చేది ఏ విశ్వవిద్యాలయానికైనా ధైర్యంగా చూపించగల పని.

ముందు మీ నేల చరిత్ర ఒకటి తెలుసుకోండి. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు) గురించి తొలిసారి వైద్య పత్రికలో వివరంగా వచ్చింది మీ ప్రాంతం నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద వ్యాసం ప్రచురించారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అంటే మీ పెద్దలు చెబుతున్న మాట ఈనాటిది కాదు. అయితే "ఊళ్లో ఫ్లోరైడ్ ఉంది" అన్నది అందరికీ తెలిసిన సంగతి, పరిశోధన ప్రశ్న కాదు. ఒకే ఊళ్లో రెండు వందల అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ ఎందుకుంది? లోతు పెరిగితే ఫ్లోరైడ్ పెరుగుతోందా? మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది కదా, మే నెలలో తీసిన నీటికీ జనవరిలో తీసిన నీటికీ తేడా ఉందా? వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా చాలు.

మీ దగ్గరున్న బ్యూరెట్లతోనే సగం జవాబు దొరుకుతుంది. గ్రానైటు, నైసు వంటి రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా పట్టి ఉంచుతుంది. బైకార్బనేట్ ఎక్కువై నీరు క్షారగుణంతో ఉండి, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ పెరుగుతుంది. కాబట్టి ప్రతి బోరు నీటికీ ఈడీటీఏ టైట్రేషన్‌తో కాల్షియం, మొత్తం కాఠిన్యత, ప్రామాణిక ఆమ్లంతో క్షారత, మీటరుతో పీహెచ్ మీరే కొలవవచ్చు. ఫ్లోరైడ్‌ను మాత్రం బయట కొలిపించాలి. మీ అధ్యాపకుల ఉత్తరంతో గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలనో, విశ్వవిద్యాలయ విభాగాన్నో అడగండి. కాల్షియం తగ్గినచోట ఫ్లోరైడ్ పెరిగిందా లేదా అన్నది గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూసిన రోజున పాఠ్యపుస్తకంలోని ద్రావణీయతా లబ్ధం మీ ఊరి బోరులో కనిపిస్తుంది.

కొలిపించడానికి వెళ్లినప్పుడు సీసాలు ఇచ్చి వచ్చేయకండి. పక్కన నిలబడి చూడనివ్వమని అడగండి. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ కొనలో లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. నమూనాకు సమాన పరిమాణంలో ఒక బఫర్ కలిపి పీహెచ్‌ను ఐదుకూ ఐదున్నరకూ మధ్య ఉంచుతారు. అల్యూమినియం, ఇనుము పట్టుకుని ఉన్న ఫ్లోరైడ్‌ను కూడా ఆ బఫరే విడిపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ గాఢత పది రెట్లు పెరిగినప్పుడల్లా మీటరు దాదాపు 59 మిల్లీవోల్టులు తగ్గాలి. తగ్గకపోతే ఎలక్ట్రోడ్‌ను అనుమానించాలి, ఊరిని కాదు. ఎలక్ట్రోడ్ లేనిచోట స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి వాడతారు. జిర్కోనియంతో కలిసి ఎర్రగా ఉన్న రంగు ద్రావణం నుంచి ఫ్లోరైడ్ జిర్కోనియంను లాక్కుంటుంది, రంగు తగ్గుతుంది, ఆ తగ్గుదలను 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఇందులో ఒక చిక్కుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీటిలో కాస్త అల్యూమినియం మిగిలి ఉంటే, స్వేదనం చేయకుండా ఈ రంగు పద్ధతిలో చూసినప్పుడు ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. శుద్ధి చేసిన నీటిని కొలిపిస్తే ఏ పద్ధతిలో కొలిచారో తప్పక రాసుకోండి.

నమూనాలు తీయడంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది చెబుతున్నాను. ఎమ్మెస్సీ రోజుల్లో ఒక వేసవిలో పన్నెండు బోర్ల నీళ్లు పట్టుకొచ్చి, సీసా మీద తడికి కాగితం నిలవదని గుర్తులన్నీ మూతల మీద రాశాను. సాయంత్రం మూతలన్నీ తీసి ఒక ట్రేలో పెట్టాను. తిరిగి బిగించేటప్పుడు ఏ మూత ఏ సీసాదో చెప్పగలవాళ్లు లేరు. రెండు రోజుల తిరుగుడు, పన్నెండు సీసాల నీళ్లు సింకులో పోయాయి. గుర్తును సీసా ఒంటి మీద చెరగని సిరాతో రాయండి, అదే గుర్తు పుస్తకంలోనూ ఉండాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా వాడండి. చేతిపంపును కొన్ని నిమిషాలు కొట్టి పాత నీరు పోయాక, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపండి. తేదీ, సమయం, బోరు లోతు, ఆ నీటిని తాగుతున్నారా వాడుకుంటున్నారా అన్నది అక్కడే నిలబడి రాసుకోండి. ఇంటికి వెళ్లి రాద్దామనుకుంటే మరిచిపోతారు. ఒకే బోరు నుంచి రెండు సీసాలు తీసి, వేర్వేరు గుర్తులతో ఇచ్చి చూడండి. రెండు విలువలూ ఎంత దగ్గరగా వచ్చాయో దాన్ని బట్టి మీ మిగతా అంకెలను ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మీకు ఒక బోరులో 3 వచ్చిందని వెంటనే వీధిలో చెప్పేయకండి. ఆ బోరు మీద ఆధారపడిన ఇల్లాళ్లు భయపడతారు, బోరు వేయించినవారు మీ మీద కోపగించుకుంటారు. రెండోసారి నమూనా తీసి, విలువ నిలబడిన తరువాత మీ అధ్యాపకులతో కలిసి వెళ్లి పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. నీళ్లిచ్చిన ప్రతి ఇంటికీ వారి బోరు విలువ తిరిగి చెప్పండి. నీళ్లు పట్టుకెళ్లి మళ్లీ కనపడని చదువుకున్నవాళ్లను ఆ పల్లెలు ఇప్పటికే చాలామందిని చూశాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొంత రుసుము కడితే రెండు నెలల రసాయనశాస్త్ర పరిశోధన ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. మరికొంత కడితే పరిశోధన వ్యాసంలో పేరు కూడా వేస్తారట. కట్టవచ్చా?
— ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: కట్టవద్దు. కొన్ని ప్రభుత్వ ప్రయోగశాలలు ప్రాజెక్టు విద్యార్థుల నుంచి రసాయనాల ఖర్చు కింద రుసుము తీసుకుంటాయి, అది వేరు. అక్కడ మీరు బెంచి ముందు నిలబడి పనిచేస్తారు. పని లేకుండా కాగితం, చేయని ప్రయోగానికి వ్యాసంలో పేరు ఇస్తామనేవారు మీ డబ్బుతోపాటు మీ పేరునూ పాడుచేస్తారు. నా విద్యార్థి ఒకడు అలాంటి కాగితం పట్టుకుని ఒక పెద్ద సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లాడు. "మీరు వాడిన ద్రావణి ఏమిటి?" అని మొదటి ప్రశ్న అడిగారట. ఆ ఒక్క ప్రశ్నతో అతని ముఖం తేలిపోయింది. తెలివైన కుర్రవాడు, ఆ కాగితం చూపించకుండా ఉంటే వేరే ప్రశ్నలకు చక్కగా జవాబు చెప్పి సీటు తెచ్చుకునేవాడు.

ప్రశ్న: మూడో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కు ముత్తుకూరు మండలంలోని ఒక వంట నూనెల శుద్ధి కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ దొరికింది. అది పరిశోధన కిందికి వస్తుందా, లేక విశ్వవిద్యాలయంలోనే చేయాలా?
— ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: వదులుకోకండి. అక్కడ రోజూ ఆమ్లవిలువ, పెరాక్సైడ్ విలువ, అయోడిన్ విలువ కొలుస్తారు. కళాశాలలో నెలకు రెండు టైట్రేషన్లు చేసిన చేతికి అక్కడ రోజుకు ఇరవై చేసే అలవాటు వస్తుంది, దానికి వెల కట్టలేం. అయితే చెప్పిన పరీక్ష చెప్పినట్టు చేసి అంకె నమోదు చేయడం ఉద్యోగం అవుతుంది. పరిశోధన కావాలంటే ఆ అంకెల మీద మీ ప్రశ్న ఒకటి ఉండాలి. ఉదాహరణకు, బజ్జీల బండి మీద మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పెరాక్సైడ్ విలువ పెరుగుతూనే పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కొంతవరకు పెరిగి, ఆ వేడికి పెరాక్సైడులే విచ్ఛిన్నమై మళ్లీ తగ్గగలదు. కనుక ఆ ఒక్క అంకె తక్కువగా ఉందని నూనె మంచిదనలేం. ఇంట్లో ఒకే నూనెను ఐదు రోజులు ఒకే సేపు కాచి, రోజుకొక చిన్న సీసా పక్కన పెట్టి, ఆమ్లవిలువనూ పెరాక్సైడ్ విలువనూ కలిపి చూడండి. కర్మాగారం వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, వారి సొంత ఉత్పత్తుల అంకెలు మీ రిపోర్టులో రాయకండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. వేసవిలో రెండు నెలలు ఏర్పేడు వైపు ఒక సంస్థలో పరిశోధనకు ఎంపికైంది. రసాయనాల మధ్య రోజంతా ఉండటం ప్రమాదమేమోనని ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారు. నేను రైతును, ఖర్చు కూడా ఆలోచించాలి. పంపమంటారా?
— ఒక తండ్రి, కందుకూరు

జవాబు: అయ్యా, పంపండి. మీ ఇంటి భయం అర్థం లేనిదని మాత్రం నేను అనను, రసాయన ప్రయోగశాలలో ప్రమాదం ఉంటుంది. జాగ్రత్తలు పాటించే చోటా కాదా అన్నదే చూసుకోవాలి. చేరిన మొదటి రోజే భద్రత గురించి చెప్పి, కళ్లద్దాలు, కోటు ఇచ్చి, ఆవిర్లు లాగే ఫ్యూమ్ హుడ్‌లో పని చేయిస్తారా అని అమ్మాయిని ముందే అడిగి తెలుసుకోమనండి. అలా అడిగినందుకు మంచి సంస్థలో ఎవరూ తప్పుగా అనుకోరు.

అమ్మాయి సర్దుకునే పెట్టె గురించి ఇంట్లోని ఆడవారికి నా మాటగా చెప్పండి. నూలు బట్టలే పెట్టండి. సింథటిక్ చున్నీ ప్రయోగశాలలోకి వద్దు. హెక్సేన్, ఈథర్ వంటి ద్రావణుల ఆవిరి దూరంగా ఉన్న మంట నుంచి కూడా అంటుకుంటుంది, సింథటిక్ బట్ట కాలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది. జడ వేసి ముడి పెట్టుకోవాలి. చెప్పులు కాకుండా పాదం మొత్తం మూసే బూట్లు ఒక జత కొనండి, ఆ ఖర్చుకు వెనకాడవద్దు. రాత్రిపూట ప్రయోగశాలలో ఒంటరిగా పనిచేయకూడదు. తిండి, మంచినీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లకూడదు. పిపెట్‌ను ఎప్పుడూ నోటితో పీల్చకూడదు. ఈ అలవాటు కొన్ని కళాశాలల్లో ఇంకా ఉంది, మీ అమ్మాయికి ఉంటే ఈ రోజే మానిపించండి.

ఖర్చు విషయంలో ముందే తేల్చుకోవలసినవి మూడే: భృతి ఉందా, ఉంటే నెలనెలా ఇస్తారా చివర్లో ఇస్తారా, హాస్టల్ గది ఇస్తారా, ప్రయాణ ఖర్చు తిరిగి వస్తుందా. భృతి చాలా చోట్ల పని ముగిశాకే చేతికి వస్తుంది కనుక రెండు నెలల తిండి ఖర్చు ముందు మీరు పెట్టుకోవలసి రావచ్చు. ప్రయాణం కష్టం కాదు. సింగరాయకొండలో రైలెక్కితే గూడూరు మీదుగా శ్రీకాళహస్తి లేదా రేణిగుంటలో దిగవచ్చు, అక్కడి నుంచి ఏర్పేడు దగ్గరే. మొదటిసారి మీరు కూడా వెళ్లి, ఆ ప్రయోగశాల చూసి రండి.

ప్రశ్న: నాలుగో సంవత్సరం పరిశోధనతో ఆనర్స్ చేయడం మంచిదా, మూడేళ్లకే ముగించి ఎమ్మెస్సీకి వెళ్లడం మంచిదా?
— ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: యూజీసీ చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన ఎంచుకోవచ్చు. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తిచేసినవారు పీహెచ్‌డీకి నేరుగా అర్హులు. చూడటానికి ఇది దగ్గరి దారిలా ఉంటుంది. మీ కళాశాలలో మీకు మార్గదర్శకత్వం వహించే అధ్యాపకులు ఎవరు, వారు స్వయంగా ప్రయోగశాలలో పనిచేస్తున్నారా అన్నది చూసుకుని నిర్ణయించుకోండి. అలాంటివారు ఉంటే ఆ ఏడాది మీకు బంగారం. లేకపోతే ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు క్యూట్, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీపీజీసెట్ ప్రవేశ పరీక్షలు రాసి ముందుకు వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో డిగ్రీ కళాశాల అధ్యాపకురాలిని. పిల్లలకు పరిశోధన అలవాటు చేయాలని ఉంది. స్పెక్ట్రోఫోటోమీటరు కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక అధ్యాపకురాలు

జవాబు: మేడం, మీ కళాశాల చుట్టూ రొయ్యల గుంటలున్నాయి కదా, అక్కడే మొదలుపెట్టండి. కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో కొలవడానికి మూత బిగుతైన సీసాలు, మాంగనస్ సల్ఫేటు, క్షార అయోడైడు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, థయోసల్ఫేటు, గంజి ద్రావణం చాలు. ఒకే గుంటలో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పిల్లలతో తీయించండి. మాంగనస్ సల్ఫేటు, క్షార అయోడైడు వేసిన వెంటనే గట్టు మీదే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. ఆక్సిజన్ తక్కువైతే ఆ రంగు పాలిపోయి ఉంటుంది. తెల్లవారుజామున గుంటలో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో ఆ సీసాను చూసిన పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

తరువాత అమ్మోనియాకు వెళ్లండి. మొత్తం అమ్మోనియా ఒకటే ఉన్నా, రొయ్యకు హాని చేసే అయనీకరణం చెందని అమ్మోనియా వాటా పీహెచ్‌తో మారుతుంది. 30 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర అది దాదాపు 7 శాతం, పీహెచ్ 9 దగ్గర దాదాపు 45 శాతం. ఉప్పునీటిలో కాస్త తక్కువ. మధ్యాహ్నం ఎండకు నాచు పెరిగి పీహెచ్ పైకి పోయిన గుంటలో ఏం జరుగుతుందో మీ పిల్లలే లెక్కవేసి రైతుకు చెప్పగలరు.

రంగు కొలవడానికి స్పెక్ట్రోఫోటోమీటరు లేదని ఆగవద్దు. లోపల నల్ల కాగితం అంటించిన అట్టపెట్టె, ఒక వైపు తెల్ల కాగితం వెనుక ఎల్‌ఈడీ బల్బు, ఎదుటి వైపు మొబైల్ కెమెరా కోసం రంధ్రం ఉంటే చాలు. కెమెరా తనంతట తాను వెలుతురు సర్దుకోకుండా సెట్టింగు బిగించాలి. ఖాళీ ద్రావణం (కొలవాల్సిన పదార్థం లేనిది), తెలిసిన గాఢతలు ఐదు, తెలియనిది ఒకటి వరసగా ఫొటో తీసి, ద్రావణం రంగుకు పూరకమైన రంగు విలువను తీసుకుని, ఖాళీ ద్రావణంతో నిష్పత్తి కట్టి సంవర్గమానం వేస్తే తక్కువ గాఢతల్లో గీత దాదాపు నేరుగా వస్తుంది. ఇనుము, థయోసయనేటు ఎరుపుతో మొదలుపెట్టండి, దానికి ఆకుపచ్చ విలువ చూడాలి. మొదటివారం గీత వంకరగానే వస్తుంది. ఎందుకు వంకరపోయిందో కారణాలు పిల్లలనే రాయమనండి, పుస్తకంలో పేజీ చింపకుండా, కొట్టివేసిన అంకె కూడా చదవగలిగేలా ఒకే అడ్డగీతతో కొట్టివేయమని చెప్పండి. కొంత కాలానికి వారు ఆ పెట్టెతోనే గుంటల నీటిలో నైట్రైట్ కొలుస్తారు. అప్పుడు వారి పుస్తకాలు పట్టుకుని విశ్వవిద్యాలయ విభాగానికి వెళ్లండి, ఒక్క రోజు స్పెక్ట్రోఫోటోమీటరు వాడుకోనివ్వమని అడిగి, అవే నమూనాలను దాని మీద కూడా కొలిపించండి.